వేదిక ఎవరిది?

సామాజిక మాధ్యమాలు వచ్చాక దళితులకూ, పల్లె శ్రామికులకూ చోటు దొరికిందని మిత్రులంటున్నారు. ఆ మాటలో నిజం లేకపోలేదు. జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ కూలిపని చేసి బతికిన మనిషి. యూట్యూబులో ‘మై విలేజ్ షో’ ద్వారా తన యాసతోనే లక్షలమందిని చేరింది. మన సినిమాలు ఆ యాసను చాలాకాలం హాస్యగాళ్లకూ, దుష్టపాత్రలకూ అంటగట్టాయి. అంచేత యీ విజయాన్ని నేను చిన్నచూపు చూడను.

కాని కనిపించడమే సమానత్వమా?

2020 జూన్ 29న కేంద్రప్రభుత్వం టిక్‌టాక్‌తో సహా 59 యాప్‌లను నిషేధించింది. ఆ నిషేధం మంచిచెడ్డలు వేరే చర్చ. పొలంగట్లమీద ఆడిపాడినవాళ్లు మాత్రం తమ ప్రేక్షకులను ఒక్క ఆజ్ఞతో పోగొట్టుకున్నారు. కంపెనీ లెక్కసూత్రం మారినా అంతే. ఎవరిని చూపాలో, ఎవరిని దాచాలో దానిదే నిర్ణయం. ఇది కౌలుసేద్యం వంటిది: చెమట ఒకరిది, పట్టా మరొకరిది.

తరగతిలో యీ మాటంటే ఒక విద్యార్థి అడిగాడు: “అయితే పట్టా వచ్చేదాకా విత్తడం మానాలా, సార్?”

నేను తడబడ్డాను. అతని ప్రశ్న న్యాయమైంది. మానకూడదు. కౌలురైతు విత్తుతూనే హక్కు అడిగాడు. మనమూ వేదికనెక్కినవారిని చూసి చప్పట్లు కొట్టి వూరుకోక, వేదికను నడిపే నిర్ణయంలో వారికి పాలు అడగాలి. అంతవరకూ వారికి దొరికింది చోటు కాదు, దయ మాత్రమే.