దుప్పటి కింద

ఒక ఏరియా ఆసుపత్రి కాన్పుల వార్డు. నైట్ డ్యూటీలో ఇద్దరే: కొత్తగా చేరిన నర్సు, ఇరవై ఏళ్లుగా కాన్పులు చూస్తున్న సీనియర్ సిస్టర్. అర్ధరాత్రి దాటాక ఒకామెకు తొలికాన్పు అయింది. కొత్త నర్సు పావుగంటకోసారి బీపీ, పల్స్ చూసి షీటులో ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది. బీపీ 110/70, 110/74, 108/70. పల్స్ 84, 98, 116.

బాలింత రెండుసార్లు మంచినీళ్లు అడిగింది. "చేతులు చల్లబడ్డాయి సిస్టర్," అంది పక్కనున్న తల్లి. "బీపీ బాగానే ఉందమ్మా, భయపడకండి," అని కొత్త నర్సు దుప్పటి కప్పింది.

సీనియర్ సిస్టర్ వచ్చి షీటు చూసింది. "ఈ అంకెల్లో కదిలిందేది?"

"పల్స్, మేడం. అలసట వల్ల అయ్యుంటుంది."

"అయ్యుండొచ్చు. అది కాకపోతే?" అడుగుతూనే దుప్పటి తీసి, పొత్తికడుపు మీద చెయ్యి వేసింది.

"రక్తం పోతూ ఉండొచ్చు. కానీ ప్యాడ్ పెద్దగా తడవలేదు మేడం."

"వెల్లకిలా పడుకున్న మనిషికి రక్తం ఎటు పారుతుందమ్మా?"

కొత్త నర్సు బాలింత నడుం కిందికి చెయ్యి పోనిచ్చింది. వెచ్చగా, తడిగా తగిలింది. గర్భసంచి మెత్తగా, బొడ్డుకు పైన, ఒక పక్కకు జరిగి ఉంది. ఎందుకు జరిగిందో ఈసారి ఎవరూ అడగలేదు. "కాన్పయ్యాక మూత్రానికి వెళ్లలేదు మేడం, మూత్రాశయం నిండి అడ్డుపడుతోంది," అని తనే అంది. డాక్టరుకు కబురు వెళ్లింది. గర్భసంచిని మర్దన చేస్తూనే క్యాథెటర్ వేశారు, ఆక్సిటోసిన్ ఎక్కించారు. కాసేపటికి గర్భసంచి బంతిలా గట్టిపడింది. తెల్లవారేసరికి పల్స్ 90కి దిగింది.

డ్యూటీ దిగాక టీ తాగుతూ సీనియర్ సిస్టర్ ఒక్కటే అడిగింది: "ఆమె మంచినీళ్లడిగినప్పుడు నీకేమనిపించింది?"

కొత్త నర్సు చాలాసేపటికి చెప్పింది: "బీపీ బాగుందని ధైర్యపడ్డాను మేడం. ఇక మిగతావేవీ నా కంటికి ఆనలేదు."

నీతి: అంకె రాయడంతో నర్సు పని సగమే అవుతుంది, ఆ అంకె ఎందుకు వచ్చిందని తనను తాను అడగడం మిగతా సగం.

రక్తం పోతుంటే శరీరం రక్తనాళాలను బిగించి, గుండెను వేగంగా కొట్టించి బీపీని నిలబెడుతుంది. ఆరోగ్యంగా ఉన్న మనిషిలో 30 శాతం దాకా రక్తం పోయినా బీపీ పడిపోకపోవచ్చు. గర్భంతో రక్తం పరిమాణం పెరుగుతుంది కాబట్టి బాలింతలో ఈ ప్రమాదం ఇంకా ఆలస్యంగా బయటపడుతుంది. కొత్త నర్సు ఇదంతా చదువుకునే వచ్చింది. ఆ చదువును మంచం దగ్గర వాడుకోవడం మాత్రం ఆ రాత్రే మొదలైంది. సీనియర్ సిస్టర్ అందరి ముందూ తిట్టి ఉంటే ఆ పిల్ల మర్నాటి నుంచి అంకెలు ఇంకా అందంగా రాసేది, అనుమానం వచ్చినా నోరు విప్పేది కాదు. అలా నోరు మూసుకున్న నర్సు ఉన్న వార్డంటే నాకు భయం.

అమెరికాలో నర్సింగ్ పాఠాలు చెప్పిన క్రిస్టీన్ టానర్ 2006లో నర్సు ఆలోచనను నాలుగు మెట్లుగా విడదీసింది: గమనించడం, అర్థం చేసుకోవడం, స్పందించడం, జరిగినదాన్ని తిరిగి తలచుకోవడం. మొదటి మూడూ వార్డు హడావిడిలో ఎలాగో నడిచిపోతాయి. నాలుగోదానికి ఎవరో ఒకరు కూర్చోబెట్టి అడగాలి. ఆ ఉదయం టీ దగ్గర గడిచిన పది నిమిషాలు ఏ డ్యూటీ రిజిస్టరులోనూ ఎక్కలేదు.