కట్టలు అప్పగించే వేళ

చిరంజీవి మేనల్లుడికి,

దసరా సెలవుల్లో మీ ఇంటికి వచ్చినప్పుడు నీ తర్వాత ఆఫీసు ఎవరు చూస్తారని అడిగితే, "ఇప్పుడే ఏం తొందర మావయ్యా, ఇంకో పదేళ్లు పోనీ" అన్నావు. నలుగురిలో మాట పెంచడం ఇష్టం లేక ఊరుకున్నాను. ఇంటికి వచ్చాక కూడా ఆ మాట మనసులోంచి పోలేదు. నీకు యాభై అయిదు దాటాయి. విజయవాడలో పేరున్న ఆఫీసు, జూనియర్లు, గుమాస్తాలు, బీరువాల నిండా కేసు కట్టలు. ఇంత బాధ్యత నెత్తిన పెట్టుకున్నవాడు దాని సంగతి పదేళ్ల తర్వాత చూస్తాననకూడదు. అందుకే ఈ ఉత్తరం.

మన వృత్తికి రిటైర్మెంటు వయసు లేదు. హైకోర్టు జడ్జి 62 ఏళ్లకు, సుప్రీంకోర్టు జడ్జి 65కు పదవి దిగాలి. వాళ్ల ముందు నిలబడి వాదించే మనల్ని దిగమనే చట్టం ఏదీ లేదు. 2019లో అయోధ్య కేసు వాదించేనాటికి పరాశరన్ గారికి తొంభై దాటాయి. రామ్ జెఠ్మలానీ గారు ఇక తప్పుకుంటున్నానని ప్రకటించింది 2017లో, తొంభై మూడేళ్ల వయసులో. అలాంటివాళ్లను చూసి మనకూ ఓపిక అలాగే ఉంటుందనుకుంటాం. ఉంటే సంతోషమే. ఉండకపోతే ఆ దెబ్బ ముందు తగిలేది మనకు కాదు, మన పార్టీలకు.

చట్టం సంగతి నీకు తెలియనిది కాదు. సివిల్ ప్రొసీజర్ కోడ్ మూడో ఆర్డరు, నాలుగో రూలు ప్రకారం ప్లీడరు పోయిన రోజే అతని వకాల్తా చెల్లిపోతుంది. పార్టీ చనిపోతే ఆ సంగతి ప్లీడరు కోర్టుకు తెలపాలని 1976 సవరణలో 22వ ఆర్డరుకు 10ఏ రూలు చేర్చారు. మరి ప్లీడరు చనిపోతే పార్టీకి ఎవరు చెప్పాలి? ఆ ఏర్పాటు బతికుండగా మనమే చేసి పెట్టాలి.

మా బార్‌లో ఒకాయన, నాకంటే చిన్నవాడు, హఠాత్తుగా పోయాడు. మంచి సివిల్ ప్రాక్టీసు. ఆఫీసంతా ఆయనొక్కడే. దినవారాలయ్యాక ఆయన భార్య కబురు చేస్తే మేం ముగ్గురం వెళ్లి బీరువాలు తెరిచాం. కట్టల మీద పార్టీల పేర్లున్నాయి, చాలావాటి మీద కేసు నంబర్లు లేవు. డైరీలో వాయిదా తేదీల పక్కన ఆయనకు తప్ప ఎవరికీ అర్థం కాని పొడి అక్షరాలు. పార్టీల ఫోన్ నంబర్లన్నీ ఆయన సెల్లులో ఉన్నాయి. దాని పిన్ను ఇంట్లో ఎవరికీ తెలియదు. కింది అరలో ఒక గుడ్డ సంచి, అందులో రెండు అసలు సేల్ డీడ్లు, ఒక పాత పాసుపుస్తకం, కొన్ని ప్రోనోట్లు. ఎవరు ఎప్పుడు ఇచ్చారో ఎక్కడా రాసి లేదు. ఒక ప్రోనోటుకు మూడేళ్ల గడువు ఆ నెలలోనే తీరిపోతోంది. నోటులో ఉన్న ఊరి పేరు పట్టుకుని మనిషిని పంపి, గడువు లోపల దావా వేయించగలిగాం. అది కంటబడింది కాబట్టి దక్కింది.

ఆ వారమే ఒక ముసలావిడ పల్లె నుంచి వాయిదాకు వచ్చి, ప్లీడరు గారు వస్తారని కోర్టు వరండాలో పొద్దున్నుంచీ కూర్చుంది. ఆయన పోయారన్న సంగతి సాయంత్రం అటెండరు చెబితే తెలిసింది. అప్పటికే ఆవిడ దావా పిలిచారు, ఎవరూ పలకలేదు, డిఫాల్ట్ కింద కొట్టేశారు. తిరిగి తెరిపించుకోవడానికి ముప్పై రోజులు గడువు. ఆవిడ చేసిన తప్పేమిటి చెప్పు? ఒక మనిషిని నమ్మి సంతకం పెట్టింది, అంతే.

నీ ఆఫీసు అలా ఉండదని నాకు తెలుసు. అయినా ఒక మాట అడుగుతాను. రేపు నువ్వు మంచాన పడితే, ఎల్లుండి కాల్ వర్క్‌లో నీ కేసులకు ఎవరు లేస్తారు? ఆ లేచేవారి పేరు వకాల్తాలో ఉందా? దీనికి సమాధానం ఉంటే సగం పని అయినట్టే. లేకపోతే మొదట చేయాల్సింది ఇదే. ఇకమీద ప్రతి కొత్త వకాల్తాలో నీ పేరుతో పాటు నీ తర్వాత చూడబోయేవారి పేరూ వేయించు. పాత కేసుల్లో కూడా పార్టీలకు చెప్పి, వాళ్ల ఒప్పుదలతో రెండో పేరు చేర్పించు. ప్రతి కేసు సీఎన్‌ఆర్ నంబరు, దశ, తర్వాతి వాయిదా, పార్టీ ఫోను ఒకే రిజిస్టరులో రాయించు. నువ్వు లేకుండా ఇంకొకరు చదివి అర్థం చేసుకోగలిగేలా ఉండాలి.

ఇక దస్తావేజులు. ఫీజు బాకీ ఉందని పార్టీ కాగితాలు ఆపుకునే హక్కు మనకు లేదని 2000లో ఆర్.డి. సక్సేనా కేసులో సుప్రీంకోర్టు తేల్చి చెప్పింది. బాకీ ఉన్నవాడి కాగితాలే మనవి కానప్పుడు, బాకీ లేనివాడివి బీరువాలో ఏళ్ల తరబడి ఎందుకుండాలి? తీరిపోయిన కేసుల్లోని అసలు కాగితాలు పిలిచి ఇచ్చేసి సంతకం తీసుకో. నీ దగ్గర భద్రంగా ఉంటుందని వీలునామా ఇచ్చి వెళ్లినవాళ్లుంటారు. సీలు వేసిన కవరులో జిల్లా రిజిస్ట్రారు దగ్గర దాచుకునే వీలు 1908 రిజిస్ట్రేషన్ చట్టంలోనే ఉందని చెప్పి, ఆ దారి చూపించు. పార్టీల డబ్బు లెక్క వేరుగా ఉంచు. కేసు వదులుకునేటప్పుడు, చేయని పనికి తీసుకున్న ఫీజు తిరిగి ఇవ్వాలని బార్ కౌన్సిల్ నియమం. ఆ డబ్బు తీసి పెట్టకుండా తప్పుకోవడం కుదరదు.

అసలు చిక్కు ఎక్కడుందో నాకు తెలుసు. నీ కొడుకు ఎన్‌రోల్ అయి ఏడాది అయింది. నీ దగ్గర పద్నాలుగేళ్లుగా పని చేస్తున్న ఆ అమ్మాయి సగం ఆఫీసు మోస్తోంది. క్రాసులు ఆవిడ చేస్తోంది, అప్పీలు మెమోలు ఆవిడ రాస్తోంది, పార్టీలు ఆవిడకే ఫోన్ చేస్తున్నారు. నీ మనసు కొడుకు వైపు లాగడం సహజం. వాడికి ఆఫీసులో కుర్చీ వెయ్యి, పని నేర్పు, పుస్తకాలన్నీ ఇవ్వు. కట్ట మాత్రం దాన్ని నడపగలిగినవారికే ఇవ్వాలి. మనకు ప్రకటనలు వేసుకునే వీలు లేదు. మన మంచి పేరు ఒకరి నుంచి ఇంకొకరికి చేరాలంటే ఒక్కటే దారి: పార్టీని కూర్చోబెట్టి, "ఇకమీద నీ కేసు ఈవిడ చూస్తుంది, నేను వెనక ఉంటాను" అని మన నోటితో చెప్పడం. ఆ తర్వాత ఒప్పుకోవడం, మానడం పార్టీ ఇష్టం. వాళ్లు మనకు చెప్పుకున్న రహస్యం మన పని ముగిశాక కూడా రహస్యమే. వాళ్లను అడక్కుండా ఒక్క కట్ట కూడా చేతులు మారకూడదు.

ఆవిడకు మాట ఇస్తే సరిపోదు, భాగస్వామిగా చేర్చుకుని డీడు రాసి ఇవ్వు. 1932 భాగస్వామ్య చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే భాగస్వామి మరణంతోనే సంస్థ రద్దవుతుంది. అందుకే డీడులో అన్నీ ఉండాలి: ఎవరి వాటా ఎంత, నువ్వు ఏ వయసుకు తప్పుకుంటావు, అప్పటిదాకా నీ వాటా ఏటా ఎంత తగ్గుతుంది, నువ్వు హఠాత్తుగా పోతే అప్పటికి రావాల్సిన ఫీజులో మీ ఇంటికి ఏం చేరుతుంది. అడ్వకేటు కానివాళ్లతో మనం ఫీజు పంచుకోకూడదు కాబట్టి ఆ చివరి లెక్క ముందే స్పష్టంగా తేలాలి. 1917లో మొదలైన అమర్‌చంద్ మంగళ్‌దాస్ అంతటి లా సంస్థ, 2015లో అన్నదమ్ముల మధ్య రెండుగా చీలింది. వాళ్లకున్న బలంతో రెండు ముక్కలూ నిలబడ్డాయి. మన ఊళ్లలో ఆఫీసు చీలితే మిగిలేది తగువే. నీ కొడుకునూ ఆవిడనూ ఒకే గదిలో కూర్చోబెట్టి నువ్వే చెప్పు. నీ వెనక ఒకరి నోట ఒకరికి తెలియకూడదు.

కట్ట అప్పగించడంలో మంచీ చెడూ నువ్వు కళ్లారా చూసినవాడివి. 2019 జనవరి 1న ఉమ్మడి హైకోర్టు రెండై, ఆంధ్ర హైకోర్టు మీ ఊళ్లోనే మొదలైనప్పుడు హైదరాబాదు సీనియర్లు నీకు కేసులు పంపారు. ఇండెక్సు వేసి, చివరి ఆర్డరు నకలు పైన పెట్టి, పార్టీకి ముందే చెప్పి పంపినవాళ్ల కేసులు నువ్వు వెంటనే వాదించగలిగావు. విడి కాగితాలు సంచిలో కుక్కి పంపినవాళ్ల కేసుల్లో నెలలు పోయాయని నువ్వే నాతో వాపోయావు. అప్పుడు నీకు ఏది సాయపడిందో, ఇప్పుడు నీ తర్వాతవాళ్లకు అదే చెయ్యి.

గుమాస్తాను మరిచిపోకు. కోర్టు ఫీజు చలాన్లు, ప్రాసెస్ బ్యాటాలు, నకలు దరఖాస్తులు ఇన్నేళ్లూ అతని చేతుల మీదుగా జరిగాయి. మనకే పెన్షన్ లేదు, అతనికి ఎక్కడిది? అతని పేరన కొంత సొమ్ము నువ్వు వేయాలి. నీకోసం కూడా దాచుకో. 1987 వెల్ఫేర్ ఫండ్ చట్టం కింద వకాల్తా మీద అంటించే స్టాంపుల సొమ్ము ఒక ఆసరా, అది జీవనాధారం కాదు. చేతిలో డబ్బు లేని ప్లీడరు తప్పుకోవాల్సిన వయసులో కూడా తప్పుకోలేడు. ఓపిక లేకపోయినా కొత్త కేసు పుచ్చుకుంటాడు, తయారవకుండా వాదిస్తాడు. అంతకంటే అన్యాయం ఉండదు.

అప్పగించాక వేలు పెట్టకు. ఆవిడ వాదిస్తుంటే పక్క నుంచి చీటీలు అందించకు. పార్టీ ఎవరైనా, "అయ్యా, మీరే రండి" అంటే సంతోషించు, వెళ్లకు. ఏ పార్టీ అయినా మీ ఆఫీసే వద్దని ఇంకో ప్లీడరు దగ్గరికి వెళ్తానంటే, అడిగిన రోజే నో అబ్జెక్షన్ ఇచ్చి పంపు. ముఖం చిన్నబుచ్చుకోకు.

వేసవి సెలవులకు నేను అక్కడికి వస్తాను. అప్పటికి డీడు డ్రాఫ్టు, కేసుల రిజిస్టరు నాకు చూపించు. ఆవిడతోనూ నీ కొడుకుతోనూ మాట్లాడావో లేదో ఉత్తరంలో కాకపోతే ఫోన్‌లోనైనా చెప్పు. నువ్వు ఒక రోజు కోర్టుకు రాలేకపోయినా నిన్ను నమ్మినవాళ్ల కేసు ఆగకూడదు. వకాల్తా పుచ్చుకున్న రోజున మనం వాళ్లకు ఇచ్చిన మాటలో ఇది కూడా ఉంది.

ఆశీస్సులతో,
నీ మావయ్య