చవగ్గా దొరికింది

కొత్త చీర కట్టుకుని పేరంటానికి వెడితే పక్కావిడ కొంగు చేత్తో పట్టుకుని చూసి "ఎంతయిందేమిటి?" అంటుంది. "ఎంతుంటుందో మీరే చెప్పండి" అంటాం మనం. ఆవిడ మూడువేలంటుంది. అప్పుడు మన మొహం చూడాలి! "పదిహేను వందలేనండీ. చవగ్గా దొరికింది" అంటాం. చీర బాగుందని అనిపించుకోవడంలో కన్నా ఆ మాట చెప్పడంలోనే సుఖం ఎక్కువ. నేనూ నలభయ్యేళ్ళుగా ఆ సుఖం మరిగినదాన్నే. మా వీధి కూరలబండి అబ్బాయి నన్ను చూడగానే కిలోకి అయిదు రూపాయలు కలిపి చెబుతాడు, ఎలాగూ నేను తగ్గిస్తానని.

అలాంటిదాన్ని, ఈ మధ్య ఆ మాట అనబోతే గొంతుకి అడ్డం పడుతోంది. కారణం చీర కాదు, ఒక పాత జిప్సీ బండి.

మావారు రిటైరయ్యాక పురాణాలు చదువుకుంటూ కూర్చుంటారనుకున్నాను. ఆయనకేమో అడవుల పిచ్చి పట్టుకుంది. గుడారం, చిన్న గ్యాసు స్టవ్వు, బియ్యం, ఆవకాయ సీసా బండిలో పడేసుకుని మారేడుమిల్లి, లంబసింగి, నల్లమల అంటూ తిరగాలట. హోటల్లో దిగకూడదట. అటవీశాఖ వాళ్ళు సరేనన్న చోట చెట్టు కింద వండుకు తినాలట. "ఇంట్లో వండింది చాలదూ, అడవిలో కూడా నేనే వండాలా?" అన్నాను. "నేను వండుతాను" అన్నారు. ఆ ఒక్క మాటకే లొంగిపోయాను.

మొదటిసారి మా చిన్నకారులోనే వెళ్ళాం. మారేడుమిల్లి దాటి గుడిస కొండ ఎక్కే దారిలో కారు కడుపు రాతికి కొట్టుకుని నూనె బొటబొటా కారింది. అటుగా పోయే జీపు వాళ్ళు తాడు కట్టి కిందకి లాక్కొచ్చారు. అప్పుడే తీర్మానమైపోయింది, నాలుగు చక్రాలూ లాగే బండి ఉండాలని. కొత్తవి అడిగితే, 2023లో వచ్చిన జిమ్నీ పన్నెండు లక్షల పైమాటే అన్నారు. మా ప్రావిడెంట్ ఫండులో అంత భాగం రాళ్ళమీద నడపడానికి నాకు మనసొప్పలేదు. అంచేత పాతది. పాతదంటే విల్లీస్ జీపు వంశంలో పుట్టిన మహీంద్రా జీపులో, మారుతీ జిప్సీయో. బరువైన బండి అయితే గట్టిగా ఉంటుందని నా ఊహ. మా మెకానిక్కు నవ్వి, "బురదలో గేదె దిగబడుతుంది గానీ మేక దిగబడదమ్మా" అన్నాడు. జిప్సీ మేక జాతి. టన్ను బరువు కూడా ఉండదు. 1985 చివర్లో వచ్చింది, మిలిటరీ వాళ్ళు ఏళ్ళ తరబడి వాడారు. లోపల కంప్యూటర్ల గొడవ తక్కువ కాబట్టి దారిలో ఆగిపోతే చిన్న ఊళ్ళో మెకానిక్కయినా విప్పి చూడగలడు. 2019 నుంచి మనబోటి వాళ్ళకి అమ్మడం మానేశారు. ఇక కొత్తది రాదు కనక, ఉన్న పాతవాటి కోసం కుర్రాళ్ళు ఎగబడుతున్నారు. ఈ చివరి మాట గుర్తుంచుకోండి.

ఆరునెలలు తిరిగాం. పాతబండి చూడడం పెళ్ళిచూపుల కన్నా కష్టం. అటువైపు వాళ్ళు దాచేది ఎక్కువ, ఇటువైపు మనకి తెలిసేది తక్కువ. అయినా నాలుగు చూసేసరికి నాకూ కిటుకులు అబ్బాయి. మా ఫ్రిజ్ తలుపు మీదున్న అయస్కాంతం బొమ్మ సంచిలో వేసుకెళ్ళేదాన్ని. రేకు మీద అంటుకుంటే సరే, జారిపోతే అక్కడ తుప్పు తినేస్తే లప్పం పెట్టి రంగేశారన్నమాట. ఒకచోట బొమ్మ మూడుసార్లు జారింది. ఇంకోచోట బానెట్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలింది. చల్లారిన ఇంజను ఒక్క తిప్పుకి అందుకోదని, మేం వచ్చేముందే నడిపి ఉంచాడు. "వేడిగా ఉందేం బాబూ?" అంటే "ఇప్పుడే పాలకి వెళ్ళొచ్చానండీ" అన్నాడు. మధ్యాహ్నం మూడింటికి పాలు! పొగ నీలంగా వస్తే ఇంజను నూనె తాగుతోందని, కింద పడుకుని చాసిస్ పట్టీలు చూడకపోతే మిగతావన్నీ చూసినా దండగేనని కూడా తెలుసుకున్నాను. ఈ తిరుగుడంతటిలో ఎవరి మీదా నాకు కోపం రాలేదు. వాళ్ళు దాస్తున్నారు, మేం వెతుకుతున్నాం. ఇద్దరికీ ఆట తెలుసు.

అప్పుడు కాకినాడలో ఒకావిడ బండి అమ్ముతోందని కబురొచ్చింది.

ఇంటి వెనక రేకుల షెడ్డులో, పాత దుప్పటి కప్పి ఉంది. 2006 నాటి జిప్సీ. ఆవిడ భర్త రొయ్యల చెరువులకి వెళ్ళడానికి కొత్తదే కొన్నారట. పదిహేనేళ్ళు నిండగానే 2021లో మరో అయిదేళ్ళకి రిజిస్ట్రేషను పొడిగించుకున్నారట కూడా. మరుసటి ఏడాది ఆయన పోయారు. ఉప్పుగాలి ఊరు కదా, తుప్పు పట్టి ఉంటుందని నా అనుమానం. మా మెకానిక్కు కిందకి దూరి ఎంతసేపటికీ బయటకి రాలేదు. వచ్చాక ముఖంలో ఏమీ కనిపించనివ్వకుండా చేతులు తుడుచుకున్నాడు. ఆ మనిషి అలా ఉన్నాడంటే బండి నిక్షేపంలా ఉందన్నమాట. అయస్కాంతం ఎక్కడ పెట్టినా అంటుకుంది.

"పాతసామాన్ల వాడు నలభై అయిదు వేలన్నాడండీ. మీరు డెబ్భై ఇస్తే తీసుకెళ్ళండి" అందావిడ.

మేం చూసినవాటిలో ఇందులో సగం బాగాలేని దానికి కూడా రెండు లక్షలకి తక్కువ ఎవరూ చెప్పలేదు. మా మెకానిక్కు వెనకనుంచి దగ్గాడు. మావారు ఆకాశం చూస్తున్నారు. నేనేం చేశానో తెలుసా? అలవాటుకొద్దీ, నోరు దానంతటదే తెరుచుకుని, "అరవై అయిదు చేసుకోండి" అంది. ఆవిడ ఒక్క క్షణం ఆలోచించి సరేనంది. లోపలికి వెళ్ళి కాఫీ పట్టుకొచ్చింది. బండి చనిపోయినాయన పేరున ఉంది, ముందు తన పేరుకి మార్పించుకోవాలి కనక నెలరోజులు గడువడిగింది. అయిదు వేలు అడ్వాన్సు ఆవిడ చేతిలో పెట్టి వచ్చేశాం.

సామర్లకోట దాకా కారులో ఎవరూ మాట్లాడలేదు. మెకానిక్కు ఒక్కడే కూనిరాగం తీస్తున్నాడు. అప్పుడు మావారు, "ఆవిడకి తెలీదు" అన్నారు.

అంతే, నేను లాయరునైపోయాను. ధర ఆవిడే చెప్పింది. మనం ఒక్క అబద్ధం ఆడలేదు. తుక్కువాడి కన్నా ఇరవై వేలు ఎక్కువిస్తున్నాం. ఆరునెలలు ఎండల్లో తిరిగి నేర్చుకున్నాం, ఆ తెలివికి కూలి గిట్టొద్దా? డాక్టరు తనకి తెలిసినదానికేగా ఫీజు పుచ్చుకునేది? ఆయన ఒక్కదానికీ జవాబు చెప్పలేదు. జవాబు చెబితే గెలిచేదాన్ని.

ఈ తగువు మాతో మొదలైంది కాదని తరవాత తెలిసింది. కాలేజీలో పాఠాలు చెప్పే మా మేనల్లుడు, రెండువేల ఏళ్ళ కిందట రోములో సిసిరో అనే ఆయన కొడుక్కి రాసిన పుస్తకంలో ఇదే ప్రశ్న వేశాడని చెప్పాడు. రోడ్స్ అనే ద్వీపంలో కరువు. ఒక వర్తకుడు ధాన్యం ఓడ తెచ్చాడు. వెనకాల ఇంకా బోలెడు ఓడలు వస్తున్నాయని అతనికి తెలుసు, ఊరివాళ్ళకి తెలీదు. చెప్పాలా, చెప్పకుండా మంచి ధరకి అమ్ముకోవాలా? డయోజెనిస్ అనే పండితుడు చెప్పకపోవడమూ దాచడమూ ఒకటి కాదన్నాట్ట. అచ్చంగా నేను కారులో అన్నమాటే! ఆంటిపేటర్ అనే ఇంకొకాయన చెప్పి తీరాలన్నాట్ట. సిసిరో ఈ రెండో ఆయన పక్షమే చేరాడు. అంతటివాళ్ళే రెండుగా చీలిపోయారంటే నాకు కాస్త ధైర్యం వచ్చింది. శాంతిపర్వంలో తులాధారుడున్నాడు చూడండి. జడల్లో పిట్టలు గూడు కట్టుకున్నా కదలకుండా తపస్సు చేసిన జాజలి, చివరికి ధర్మం తెలుసుకోడానికి కాశీలో సరుకులమ్ముకునే ఆ కోమటి దగ్గరకి వెళ్ళాల్సి వచ్చింది. నా తక్కెడ అందరికీ సమానం అంటాడతను. బాగానే ఉంది. బియ్యం, పప్పూ అయితే తక్కెడలో వేసి చూపించొచ్చు. మనకి తెలిసిందీ వాళ్ళకి తెలియందీ ఏ పళ్ళెంలో వెయ్యాలి?

పుస్తకాలు నన్ను కదిలించాయంటే అబద్ధం. కదిలించింది ఒక స్టీలు డబ్బా.

నా చిన్నతనంలో, డెబ్భైల్లో, పాత జరీచీరలకి స్టీలు సామాన్లిచ్చేవాళ్ళు వీధుల్లో తిరిగేవారు. మీ ఇళ్ళకీ వచ్చే ఉంటారు. మా అమ్మ తన పెళ్ళిపట్టుచీర, మడతల్లో చిరిగిపోయింది కదా అని, మూతున్న స్టీలు డబ్బాకి ఇచ్చేసింది. ఎంత మురిసిపోయిందో! పక్కింటావిడని పిలిచి చూపించి "చవగ్గా దొరికింది" అంది. కొన్నేళ్ళకి ఎవరో చెప్పారు, ఆ కాలం జరీ అంటే పట్టుదారం మీద వెండితీగ చుట్టి బంగారం పూత పూసిందనీ, వాళ్ళు చీర కాల్చి వెండి తీసి అమ్ముకుంటారనీ. అమ్మ వెండి గురించి ఒక్క మాటా అనలేదు. "ఎండన పడి వచ్చాడని మజ్జిగిచ్చానే" అంది. ఆ డబ్బాలో తరవాత ఏమీ పొయ్యలేదు. అటక మీద పడేసింది.

ఆ రాత్రి నాకు మజ్జిగా, కాఫీ ఒకటే అయిపోయాయి. అయస్కాంతానికి జారిపోయిన బండివాడి దగ్గర మా తెలివికి కూలి పుచ్చుకోవచ్చు. వాడు ఆడదామనే కూర్చున్నాడు. ఈవిడకి అసలు ఆట నడుస్తోందనే తెలీదు. నాకు కనిపించిన తేడా ఇదీ. ఇంతకన్నా గట్టి సూత్రమేదైనా ఉందేమో మరి, నా బుద్ధికి అందలేదు. రేపు సంతలో ముసలమ్మ సీతాఫలాలు తక్కువకి చెబితే ఏం చేస్తావని మావారు అడిగారు. ఆలోచిస్తున్నానన్నాను. ఇంకా ఆలోచిస్తూనే ఉన్నాను.

మావారు ఫోను చేస్తానన్నారు. బేరమాడింది నేను కనక నేనే వెడతానన్నాను. వెళ్ళి, "మీ బండి రెండు లక్షల పైన పలుకుతుందండీ. తొందరపడకండి" అన్నాను. ఆవిడ చేతులు పట్టుకుంటుందనో, కళ్ళనీళ్ళు పెట్టుకుంటుందనో ఎక్కడో ఒక మూల ఆశపడ్డాను కాబోలు. ఆవిడ నావైపు అలాగే చూసి, "మరి ఆవేళే ఎందుకు చెప్పలేదూ? పైగా అయిదు వేలు తగ్గించారు కూడానూ" అంది. లోపలికి వెళ్ళి అయిదు వేలూ లెక్కపెట్టి తెచ్చి, నా చేతికివ్వకుండా బల్ల మీద పెట్టింది. కాఫీ ఇవ్వలేదు. ఇవ్వనక్కరలేదు కూడా.

తరవాత వాళ్ళమ్మాయి పూనుకుని ఎవరో విశాఖపట్నం కుర్రాడికి అమ్మిందట, రెండు లక్షల ముప్ఫై వేలకి. మా మెకానిక్కు రెండునెలలు నాతో సరిగ్గా మాట్లాడలేదు. అతని బాధా నాకు తెలుసు. అలాంటి చాసిస్ మళ్ళీ దొరకదు.

చివరికి 1997 నాటి డీజిల్ జీపు ఒకటి కొన్నాం. బరువుది, గేదెజాతి. అమ్మినాయన భక్తిపరుడు, మాట మృదువు, పత్రాలన్నీ సక్రమంగా ఉన్నాయి. నెల తిరక్కుండానే రెండో గేరు దానంతటదే జారిపోవడం మొదలుపెట్టింది. ఎత్తెక్కేటప్పుడు మావారు స్టీరింగు పట్టుకుంటే నేను గేరుకడ్డీ పట్టుకుంటాను. మా దాంపత్యంలో ఇంత సహకారం ఇదివరకెన్నడూ లేదు.

పోయిన కార్తీకంలో మారేడుమిల్లి వెళ్ళాం. టీకొట్టు దగ్గర ఆగితే ఒక పెద్దాయన జీపు చుట్టూ రెండుసార్లు తిరిగి, చక్రాలు తట్టి, నన్ను చూసి "ఎంతకి కొన్నారమ్మా?" అన్నాడు.

"లక్షా డెబ్భై వేలండీ" అన్నాను.

"ఎక్కువే పెట్టారే!"

"రెండో గేరు కూడా జారుతుందండీ" అన్నాను. ఇంకా, ముందు ఇరుసు దగ్గర నూనె కారుతుందనీ, ఎడమవైపు తలుపు కింద లప్పం ఉందనీ చెప్పుకుపోతున్నాను. మావారు టీగ్లాసు దించి, "ఆయన కొనడానికి రాలేదే" అన్నారు.