మోసపోతానేమో అన్న భయం



జర్మనీలో మాగ్డెబర్గ్ అనే పట్టణం ఉంది. అక్కడి కేథడ్రల్ చర్చిని 1209లో కట్టడం మొదలుపెట్టారు. దాని ఉత్తరపు ద్వారం దగ్గర మత్తయి సువార్త 25వ అధ్యాయంలోని పదిమంది కన్యకల రాతి విగ్రహాలు ఉన్నాయి. 1250 ప్రాంతంలో చెక్కినవి. అయిదుగురు నవ్వుతుంటారు, అయిదుగురు ఏడుస్తుంటారు. ఆ ఊళ్లో చదువుకుంటూ గోడౌన్‌లో పనిచేసే ఒక తమ్ముడు ఆ ఫోటో పంపి నన్నో ప్రశ్న అడిగాడు.

వచ్చిన కొత్తలో అతను ఆన్‌లైన్‌లో గది చూసుకున్నాడు. ఓనరు "నేను వేరే దేశంలో ఉన్నాను, అడ్వాన్సు పంపు, తాళం పోస్టులో వస్తుంది" అన్నాడు. డబ్బు పోయింది, తాళం రాలేదు. ఈమధ్య ఎవరో తెలుగు కుర్రాడు, గది దొరికేదాకా నాలుగు రాత్రులు పడుకోనిమ్మంటే కుదరదన్నాడట. "ఇంకోసారి పిచ్చోణ్ని కాలేను అన్నా. బుద్ధిగల కన్యకలు కూడా నూనె ఇవ్వలేదు కదా" అంటాడు.

వాక్యం జాగ్రత్తగా చదవండి. ఆ అయిదుగురు నూనె ఇవ్వనిది అవతలివాళ్లు అబద్ధం చెబుతున్నారని కాదు. ఇద్దరికీ చాలదని. ఎక్కడ కొనుక్కోవాలో కూడా చెప్పారు. చోటు లేక పొమ్మనడం వేరు, వీడు దొంగేమోనని పొమ్మనడం వేరు. ఎవడో ఎగ్గొట్టిన అప్పును ఈ కుర్రాడి దగ్గర వసూలు చేస్తున్నాం.

కొరింథీ సంఘంలో సహోదరులు ఒకరి మీద ఒకరు కోర్టుకెక్కితే, అంతకంటే నష్టపోవడమే మేలు కదా అని పౌలు మొదటి పత్రిక 6వ అధ్యాయంలో అడుగుతాడు. మనకు మింగుడుపడని మాట. అలాగని పౌలు అమాయకుడు కాడు. పేదల కోసం పోగైన చందా యెరూషలేముకు పట్టుకెళ్లేటప్పుడు, ఎవరూ వేలెత్తి చూపకుండా సంఘాలు ఏర్పరచినవాణ్ని తోడు పెట్టుకున్నాడు. లెక్క చూసుకోవడం అవమానం కాదు. ఏజెంటు లైసెన్సు ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడండి. గదికొచ్చే కుర్రాడి పాస్‌పోర్టు, యూనివర్సిటీ లెటరు చూడండి, ఇంట్లోవాళ్లతో వీడియోలో మాట్లాడండి. ఇంత చేశాక కూడా వాడు చెప్పకుండా పోతే, పోయింది నాలుగు రోజుల అన్నం.

అసలు మన భయం డబ్బు గురించేనా? జేబు కొట్టేస్తే క్యాంపంతా చెప్పుకుంటాం. ఏజెంటు ముంచితే మాత్రం నోరెత్తం. డ్రైవరు పని అని తెచ్చి ఎడారిలో గొర్రెల దగ్గర పడేసినా, ఇంటికి ఫోన్ చేసి "బాగానే ఉన్నా" అంటాం. ఊళ్లో నవ్వుతారని. ఈ సిగ్గే ఆ ఏజెంటుకు పెట్టుబడి. మనం నోరు మూసుకుంటే అదే వీధిలోంచి ఇంకో ముగ్గురు వాడి చేతిలో డబ్బు పెడతారు. "డిజిటల్ అరెస్ట్" అని ఫోన్ చేసి బెదిరించేవాళ్లు కూడా ఎవరికీ చెప్పొద్దనే అంటారు. అలాంటి అరెస్ట్ చట్టంలోనే లేదని 2024 అక్టోబరులో ప్రధానమంత్రే మన్ కీ బాత్‌లో చెప్పాల్సి వచ్చింది.

మాగ్డెబర్గ్ తమ్ముణ్ని నేను తిరిగి అడిగాను: ఆ గది ప్రకటన ఎలా ఉందో, ఏమేం మాటలు చెప్పి డబ్బు లాగాడో, అక్కడి తెలుగువాళ్ల గ్రూపులో పెట్టావా అని. ఇంకా లేదన్నాడు. అక్టోబరులో కొత్త బ్యాచ్ వస్తుంది.