ఇంట నిలువని మనస్సు

తక్కిన మూడాశ్రమములకును గృహస్థాశ్రమమే ఆధారమని మన ధర్మశాస్త్రములు చెప్పుచున్నవి. బ్రహ్మచారికి భిక్షయు, సన్న్యాసికి అన్నమును గృహస్థుని వాకిటనే లభించును. దేవతలను, ఋషులను, పితరులను, అతిథులను, సమస్త భూతములను తృప్తిపరచు పంచమహాయజ్ఞములకు ఇల్లే వేదిక. అట్టి ఇల్లు నేడు అనేకులకు రాత్రి తలదాచుకొను విడిదిగా మారుచున్నది.

దీనికి కారణములు లేకపోలేదు. పూర్వము సాలెవాని మగ్గము ఇంటనే ఉండెడిది. కమ్మరి కొలిమి ఇంటిచెంతనే ఉండెడిది. బిడ్డలు తండ్రి పనిని చూచుచు పెరిగెడివారు. నేడు పని యొకచోట, నివాసము వేరొకచోట. హైదరాబాదువంటి నగరములలో రాకపోకలకే గంటలు చెల్లిపోవును. అమెరికాదేశపు పగటివేళను అనుసరించి పనిచేయువాడు, బిడ్డలు మేల్కొనియున్నపుడు నిద్రించును. బిడ్డలును బడినుండి ట్యూషనునకు పోవుదురు. ఇదియంతయు జీవికకై పడు శ్రమ. దీనిని నిందించుట న్యాయము కాదు.

అయినను ఫలితము తప్పదు. వృద్ధులు పలుకరించువారి కొరకు వాకిలివైపు చూచుచుందురు. బిడ్డ తన భయమును చెప్పుకొనదలచిన వేళకు వినువాడుండడు. ఇంటి చాకిరి ఒక్కరిపై పడును. 2019లో కేంద్రప్రభుత్వము జరిపిన కాలవినియోగ సర్వేలో, ఇంటిపనులలో పాల్గొను స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములును, పురుషులు 97 నిమిషములును వాటికై వెచ్చించుచున్నట్లు తేలినది.

మరి దేహము ఇంటనున్నంత మాత్రమున చాలునా? 2020 మార్చి 25 నుండి మహమ్మారి కారణమున దేశమంతయు ఇండ్లకు పరిమితమైనది. కొన్ని ఇండ్లలో ఆ దినములు మరచిన ఆత్మీయతను తిరిగి మేల్కొలిపినవి. మరికొన్ని ఇండ్లలో ఎవరి గదిలో వారు, ఎవరి ఫోనులో వారు మునిగియుండిరి. త్రోవలోని దూరము తొలగినను మనస్సులోని దూరము తొలగలేదు.

మహాభారతమున అరణ్యపర్వమందలి ధర్మవ్యాధుని కథను ఇచట స్మరింపవలెను. కౌశికుడను బ్రాహ్మణుడు తల్లిదండ్రులను ఉపేక్షించి వేదాధ్యయనమునకై ఇల్లు వెడలెను. చూపుతోనే కొంగను నేలగూల్చు శక్తి ఆతనికి కలిగెను గాని అహంకారము పోలేదు. ఒక గృహిణి ఆతనిని మిథిలకు, మాంసమమ్ము వ్యాధునికడకు పంపెను. ఆ వ్యాధుడు అంగడి పని ముగించి, కౌశికుని ఇంటికి తోడ్కొనిపోయి, తన వృద్ధ జననీజనకులను చూపి, వీరే నా దైవములని చెప్పెను. నీకై విలపించి కన్నులు పోగొట్టుకొనిన తల్లిదండ్రుల చెంతకు మరలి పొమ్మని ఆతనికి బోధించెను. స్వామి వివేకానందులు సన్న్యాసులయ్యును, తమ కర్మయోగోపన్యాసములలో ఈ గృహస్థుని కథను చెప్పుట గమనింపదగినది.

వ్యాధుడు అంగడిని మూసివేయలేదు. అంగడిలో నున్నపుడు అంగడి పనిని, ఇంటికి వచ్చినపుడు ఇంటి ధర్మమును నిండుమనస్సుతో నిర్వర్తించెను. మనకు కావలసిన సాధన యిదియే. సోదరులారా! దినమున ఒక్క భోజనమైనను అందరును కలిసి చేయుడు. ఆ వేళ ఫోనులను దూరముగ నుంచుడు. సంధ్యాదీపము వెలిగించువేళ ఇంటనున్నవారందరు ఒక్కచోట కూర్చుండుడు. పెద్దల ప్రక్కను కొంతసేపు ఊరక కూర్చుండి వారి మాట వినుడు. ఇంటిపనిలో పాలు పంచుకొనుడు, అదియును పూజయే. జపమున మనస్సును ఇష్టదైవముపై నిలుపుటకు ప్రయత్నించు మనము, కళ్లయెదుట నున్న తల్లిపై, బిడ్డపై దానిని నిలుపలేమా? చెప్పులు విడచుచోటనే బయటి చింతలను గూడ విడచి లోనికి అడుగిడు నేర్పును భగవంతుడు మనకందరకును ప్రసాదించుగాక!