అడవి ఖాళీగా ఉందా?

కోతులు చేను మీద పడితే, ఇళ్లలో దూరితే మన పెద్దలు ఒకే మాట అంటారు: "పట్టించి అడవిలో వదిలేస్తే సరిపోతుంది." చంపడం లేదు కాబట్టి అది దయ అనుకుంటాం. అది నిజంగా దయేనా?

అడవి ఖాళీ స్థలం కాదు. అక్కడ ముందునుంచే వేరే గుంపులు ఉంటాయి. వాటికి తమ చెట్లు, తమ నీళ్ల తావు ఉంటాయి. కొత్తగా వచ్చిన కోతికి నీళ్లెక్కడో తెలీదు. అక్కడివి దాన్ని రానివ్వవు. గుంపులో కొన్నింటినే పడితే తల్లి ఒకచోట, పిల్ల ఒకచోట అవుతాయి. ఊరి తిండి మరిగింది కాబట్టి ఆ అడవి పక్క ఊళ్లో దిగుతుంది. అంటే మన కష్టాన్ని ఇంకో రైతు నెత్తిన పెట్టినట్టే కదా!

1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం ప్రకారం చంపడమే కాదు, పట్టుకోవడం, ఉచ్చు పెట్టడం కూడా వేటే. ఆ చట్టం రక్షణ ఇచ్చిన జంతువును అనుమతి లేకుండా పట్టి వేరేచోట వదలకూడదు. ఆస్ట్రేలియాలో పోసమ్ అనే చిన్న జంతువు ఇళ్ల పైకప్పుల్లో చేరుతుంది. అక్కడి విక్టోరియా రాష్ట్రంలో దాన్ని పట్టినవాళ్లు, పట్టినచోటికి 50 మీటర్లలోపే వదలాలి. దూరంగా తీసుకెళ్తే అది బతకడం కష్టం. అందుకే పైకప్పు కంత మూయమంటారు.

మన జిల్లాలో సండూరు వైపు దరోజి ఎలుగుబంట్ల అభయారణ్యం ఉంది. 1994లో దాన్ని ఏర్పాటు చేసింది ఎలుగులు ముందునుంచీ తిరిగే గుట్టల్లోనే. వాటి ఇంటినే కాపాడారు. నాకు అది సరైన దారి అనిపిస్తుంది.

"నీతి మాటలు మీవి, నష్టం మాది" అని రైతు అంటే? ఆయన మాట నిజమే. మిరప, వేరుశనగ పోగొట్టుకున్న మనిషిని ఓర్చుకోమనడం సులభం. కాబట్టి ఆ భారాన్ని ఆయన ఒక్కడి మీదే వదలకూడదు, ఊరంతా పంచుకోవాలి. తెలంగాణలో నిర్మల్ దగ్గర 2020లో కోతుల కేంద్రం తెరిచి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేస్తున్నారు. అలాంటిది మనమూ అడగవచ్చు. అంతకంటే ముందు మన చేతిలో ఉన్న పని ఒకటుంది. గుడి దగ్గర అరటిపండ్లు పెట్టేదీ మనమే, చెత్తకుప్పలో అన్నం పారేసేదీ మనమే, ఆనక పట్టించమనేదీ మనమే.

కోతిని ఎక్కడ వదలాలి అని అడిగేముందు, అది మన దగ్గరికి ఎందుకొచ్చింది అని అడగాలి. దానికి జవాబు చెప్పకుండా బోను తెస్తే, మనం చేసేది దయ కాదు. కనపడకుండా పంపించేయడమే.