బల్ల మీద టిష్యూ ప్యాకెట్



సింగపూర్ వెళ్లొచ్చిన వాళ్లను ఏం చూశారని అడగండి. నోట్లోంచి నీళ్లు చిమ్మే మెర్లయన్ బొమ్మ, మెరీనా బే మేడలు అంటారు. ఫోనులో ఫొటోలూ చూపిస్తారు. కానీ ఆ ఊరి మనసు తెలిసేది మధ్యాహ్నం అన్నం వేళ, హాకర్ సెంటర్లో.

ఒకే కప్పు కింద వరసగా చిన్న కొట్లు. ఒకచోట హైనాన్ ద్వీపం నుంచి వలస వచ్చిన చైనీయుల చికెన్ రైస్. కోడిని ఉడికించిన నీళ్లలోనే అన్నం వండుతారు. పక్కన కొబ్బరిపాల నూడుల్స్ పులుసు, లక్సా. ఆ పక్కన మన పరోటాకు దగ్గరి చుట్టం, ప్రాటా. ఒకప్పుడు ఈ వంటలను హాకర్లు, అంటే చిరువ్యాపారులు, వీధిలో అమ్మేవాళ్లు. 1970, 80 దశకాల్లో ప్రభుత్వం వాళ్లకు కుళాయి, మురుగు వసతి ఉన్న చోటు చూపించింది. 2020లో యునెస్కో ఈ హాకర్ సంస్కృతిని వారసత్వ జాబితాలో చేర్చింది.

అక్కడ ఖాళీ బల్ల మీద టిష్యూ ప్యాకెట్ కనిపిస్తే, ఆ చోటు ఎవరో ఉంచుకున్నారని అర్థం. మన బస్సు సీటు మీద తువ్వాలు గుర్తొచ్చిందా? తిన్నాక ఎవరి పళ్లెం వాళ్లే తీయాలి. 2021 నుంచి తీయనివాళ్లకు హెచ్చరిక, ఆపైన జరిమానా.

ఏ ఊరు వెళ్లినా ఫొటోలు తీసుకోండి, తప్పులేదు. ఒక్కపూట మాత్రం అక్కడి జనం తినేచోట, ముక్కూమొహం తెలియని మనిషి ఎదురుగా కూర్చుని తినండి. లేచేటప్పుడు మీ పళ్లెం మీరే తీయండి.